గుర్రం కాళ్లు, గిట్టలు, కండరాలు గీయడం ఎలా నేర్చుకోవాలి?

హన్మకొండ_రేఖ
మా వాడలోని ఒక బడి గోడ మీద, గుర్రంపై స్వారీ చేస్తున్న రుద్రమదేవి బొమ్మ వేసే పని ఒప్పుకున్నాను. రాణి ముఖం, కవచం, కత్తి, జీను వరకు నాకు ఇబ్బంది లేదు. గుర్రం తల, మెడ, జూలు కూడా బాగానే కుదురుతున్నాయి. కాళ్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం బొమ్మలో జీవం పోతున్నది. ఎంత చూసి గీసినా అవి మంచం కోళ్లలా నిలబడుతున్నాయి. ముందు కాలు ఎక్కడ మడవాలో, వెనుక కాలు ఎటు వంగాలో చేతికి అందడం లేదు. బలంగా కనిపించాలని పై నుంచి కింది దాకా కండలు పెట్టి నీడలు వేస్తే కాళ్లు వాచినట్లు ఉంటున్నాయి, ఆ నీడలు తీసేస్తే ఉత్త కర్రలవుతున్నాయి. గోడ మీద కాలు ఒక్కటే నా భుజం ఎత్తు వస్తుంది కాబట్టి గడ్డి చాటున దాచే వీలు కూడా లేదు. దీన్ని ఎక్కడి నుంచి మొదలుపెట్టి నేర్చుకోవాలో తెలిసినవారు వివరంగా చెప్పండి.

జగిత్యాల_పెన్సిల్
మంచి ఫొటో ఒకటి తీసుకొని దాని మీద గడులు గీయండి. గోడ మీద కూడా అదే లెక్కన గడులు కొట్టి, ఒక్కో గడిలో ఉన్నది ఉన్నట్లు దించండి. కొలత తప్పే ప్రసక్తే ఉండదు, పని కూడా త్వరగా అయిపోతుంది.

డ్రాయింగ్_సార్_కరీంనగర్
పై సలహాతో నేను ఏకీభవించను. గడులతో ఒక ఫొటోను గోడకు ఎక్కించవచ్చు గాని, గడులు గుర్రాన్ని నేర్పవు. రేపు ఆ గుర్రం కాలు కొంచెం పైకి ఎత్తాలని బడివాళ్లు అడిగితే మళ్లీ మొదటికే వస్తారు. రేఖ గారు అడిగింది నేర్చుకోవడం గురించి.

నేను లోయర్, హయ్యర్ డ్రాయింగ్ పరీక్షలకు పిల్లలను తయారు చేస్తుంటాను. గుర్రం కాలు చెప్పేటప్పుడు ముందుగా పెన్సిల్ పట్టనివ్వను. ప్రతి పిల్లవాడు తన ఒంటి మీద కీళ్లను తడిమి చూసుకోవాలి. గుర్రం ముందు కాలిలో మనం మోకాలు అనుకునేది నిజానికి దాని మణికట్టు. దాని మోచేయి పైన, ఛాతీ అడుగు గీతకు దగ్గరగా, పక్కటెముకలకు ఆనుకొని ఉంటుంది. వెనుక కాలిలో వెనక్కి పొడుచుకొని వచ్చినట్లు కనిపించే కీలు దాని మడమ. అసలు మోకాలు, చిప్పతో సహా, పొట్ట డొక్కలో కలిసే చోట ముందువైపుకు ఉంటుంది. అంటే గుర్రం ఎప్పుడూ మడమలు పైకెత్తి, వేలి కొసల మీద నడుస్తున్నది. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే ఒక్కొక్క కాలికి ఒకే ఒక్క వేలు, అది మన నడిమి వేలికి సమానం. గిట్ట ఆ వేలి గోరు.

ఇది మనసుకు పట్టిన తర్వాత ఏ కీలు ఎటు వంగుతుందో కంఠస్థం చేయాల్సిన పని లేదు, మన ఒళ్లే చెబుతుంది.

హన్మకొండ_రేఖ
సార్, మీరు చెప్పినట్లు చేయి బల్ల మీద పెట్టి వేలి కొసల మీద ఆన్చి చూశాను. మణికట్టు మడిచినప్పుడు అది ముందుకు వస్తున్నది, వేళ్లు వెనక్కి, మోచేతి వైపుకు పోతున్నాయి. గుర్రం ముందు కాలు ఎత్తినప్పుడు గిట్ట వెనక్కి మడుచుకోవడానికి కారణం ఇదేనా? అయితే వెనుక కాలు దీనికి సరిగ్గా ఎదురు తిరిగి ఎందుకు కనిపిస్తుంది?

మామునూరు_వెట్
అవును, కారణం అదే. ముందు కాలిలో మణికట్టు ముడిచినప్పుడు కీలు ముందుకు వస్తుంది, గిట్ట వెనక్కి పోతుంది. వెనుక కాలిలో మడమ కీలు వంగితే మడమ మొన వెనుకనే ఉంటుంది, కింది కాలు ముందుకు, పొట్ట కిందికి వస్తుంది. మీ పాదాన్ని పైకి మడిచి చూడండి, కాలి వేళ్లు మోకాలి వైపుకు వస్తాయి కదా, అదే కదలిక.

నేను మామునూరులో పశువైద్యం చదువుతున్నాను. మాకు అనాటమీ తరగతుల్లో గుర్రం కాలిని విడదీసి చెప్పినప్పుడు తెలిసిన సంగతుల్లో బొమ్మకు పనికి వచ్చేవి కొన్ని చెబుతాను.

మొదటిది మీ నీడల సమస్యకు నేరుగా సమాధానం. ముందు కాలిలో మణికట్టు కింద, వెనుక కాలిలో మడమ కింద చెప్పుకోదగ్గ కండ ఉండదు. కాలిని కదిలించే కండలన్నీ పైనే, భుజం, ముంజేయి, తొడ, పిక్క భాగాల్లోనే ఉంటాయి. వాటి నుంచి దిగివచ్చిన స్నాయుబంధనాలు (కండను ఎముకకు కలిపే తాళ్లు), వాటితో పాటు సంధిబంధనాలు (ఎముకను ఎముకకు కలిపే పట్టీలు), ఎముక, చర్మం, ఇంతే కింద ఉండేది. అక్కడ కండ ఉబ్బు గీస్తే చూసేవాళ్లకు అది బలంగా కనిపించదు, జబ్బుగానే కనిపిస్తుంది. మా దృష్టిలో కూడా కింది కాలు వాచిన గుర్రం వైద్యానికి వచ్చిన గుర్రమే.

రెండవది, ముందు కాలు వెన్నెముక భాగానికి ఎముకతో అతికి ఉండదు. గుర్రానికి మనలాగా జత్రుక, అంటే మెడ కింద భుజాన్ని రొమ్ముకు కలిపే ఎముక, లేదు. రెండు ముందు కాళ్ల మధ్య ఛాతీ మొత్తం కండరాల ఊయలలో వేలాడుతుంది. అందుకే అది అడుగు వేసినప్పుడు భుజపు బల్ల ఎముక చర్మం కింద ముందుకూ వెనుకకూ జారుతుంది. నిలబడి ఉన్న గుర్రం బరువులో సుమారు 60 శాతం ఈ ముందు కాళ్ల మీదే పడుతుంది. వెనుక కాలు అలా కాదు, తుంటి ఎముకకు గట్టిగా కీలు పడి ఉంటుంది, అది శరీరాన్ని ముందుకు తోస్తుంది.

మూడవది, వెనుక కాలిలో అసలు మోకాలు, మడమ రెండూ స్నాయువులతో ముడిపడి ఉంటాయి. ఒకటి వంగితే రెండవది తప్పనిసరిగా వంగుతుంది. మోకాలు చాచి మడమ మాత్రం మడిచిన గుర్రాన్ని గీస్తే అది ఆరోగ్యమైన గుర్రం చేయగలిగిన భంగిమ కాదు.

కాజీపేట_సవారి
మాది బరాత్ గుర్రాలు పెంచే ఇల్లు. వెట్ గారు చెప్పింది నిజమే గాని, కింది కాలులో కండ లేదన్న మాట పట్టుకొని రెండు గీతలు గీసి ఊరుకోవద్దు. గుర్రం కాలిని రోజూ కడిగి తుడిచే చేతికి అక్కడ ఏమేమి ఉన్నాయో తెలుస్తుంది. పక్క నుంచి చూస్తే ముందు వైపు ఎముక గట్టిగా, తిన్నగా దిగుతుంది. దాని వెనుక సన్నటి గాడి ఉంటుంది. ఆ గాడి వెనుక నరాలు, అంటే వెట్ గారు అన్న స్నాయుబంధనాలు, బిగించిన తాడుగా చేతికి తగులుతాయి. అందువల్ల కింది కాలు ఎదురుగా నిలబడి చూస్తే సన్నగా, పక్క నుంచి చూస్తే వెడల్పుగా కనిపిస్తుంది. మా నాన్న గుర్రం కొనేటప్పుడు మొదట తడిమి చూసేది ఆ గాడినే. గాడి వేలికి స్పష్టంగా తగిలి, నరం చల్లగా, గట్టిగా ఉంటే ఆ కాలు మంచిది. గాడి పూడుకొని వెచ్చగా ఉంటే బేరం వదిలేసి వచ్చేవాడు.

మీరు కూడా బొమ్మలో ఆ గాడిని ఒక్క గీతతో చూపించండి. వేరే నీడ అవసరం పడదు.

డ్రాయింగ్_సార్_కరీంనగర్
సవారి గారి మాట బంగారం. పుస్తకం చూసి చెప్పేవాళ్లం ఈ గాడిని సాధారణంగా వదిలేస్తాము.

ఇక పై భాగం సంగతి. కండలు గీయాలంటే ముందుగా ఎక్కడెక్కడ కండ పొంగుతుందో, ఎక్కడ ఎముక చర్మానికి తగులుతుందో వేరు చేసుకోవాలి. ఎముక తగిలే చోట్లు గట్టి అంచులు ఇస్తాయి, కండ ఉన్న చోట్లు మెత్తటి వంపులు ఇస్తాయి. భుజం మొన, మోచేతి మొన, మణికట్టు పెట్టె, తుంటి మొన, మడమ మొన, ఇవి ఎంత లావు గుర్రంలోనైనా కనిపించే ఎముక గుర్తులు. వీటిని ముందుగా చుక్కలుగా పెట్టండి.

ముందు కాలిలో భుజపు బల్లకూ మోచేతికీ మధ్య ముక్కోణంలో ఒక పెద్ద కండ ఉంటుంది, అది మన జబ్బ వెనుక ఉండే ట్రైసెప్స్. వెలుగు పక్క నుంచి పడినప్పుడు గుర్రం భుజం మీద మొదట కనిపించేది దాని వెనుక అంచే. మోచేతి కింద ముంజేయి పైన లావుగా మొదలై మణికట్టు చేరేసరికి సన్నబడుతుంది, అందులోనూ ముందు వైపు ఉబ్బు పైకి, మోచేతికి దగ్గరగా ఉంటుంది. వెనుక కాలిలో పిరుదు నుంచి పిక్క దాకా దిగే రెండు పొడవైన కండల మధ్య నిలువుగా ఒక పల్లం ఉంటుంది. గుర్రం బరువు ఆ కాలి మీద పడినప్పుడు ఆ పల్లం లోతుగా కనిపిస్తుంది. పిక్క దగ్గర ఎముకకూ, మడమ మొనకు దిగే లావుపాటి స్నాయువుకూ మధ్య చర్మం లోపలికి పోయి ఒక గుంట ఏర్పడుతుంది. చాలామంది అక్కడ నిండుగా నింపేస్తారు. ఆ గుంటను గుంటగా వదిలితేనే మడమ మొన పదునుగా నిలుస్తుంది.

చేర్యాల_రంగులు
ఇంత శరీర శాస్త్రం గోడ బొమ్మకు అవసరమా అని నాకు సందేహం. మా చేర్యాల నకాషి పటాలలో రథాలు లాగే గుర్రాలు, వీరులు ఎక్కే గుర్రాలు తరతరాలుగా ఉన్నాయి. వాటి కాళ్లలో మణికట్టు ఎక్కడ, మడమ ఎక్కడ అని ఎవరూ కొలవరు. కాకిపడగల వాళ్లు, కూనపులి వాళ్లు, మందహెచ్చుల వాళ్లు రాత్రిపూట పటం విప్పి కథ చెబుతుంటే, దూరంగా కూర్చున్నవారికి అది గుర్రమని, అది వేగంగా పోతున్నదని తెలియాలి. దానికి ఎర్రటి నేల మీద ఒక బలమైన నల్ల గీత చాలు. మెడ వంపు నుంచి ఛాతీ మీదుగా ముందు కాలి గిట్ట దాకా చేయి ఆపకుండా వచ్చిన ఒకే గీతలో ఉండే జీవం, ఎముకలు లెక్కపెట్టి గీసిన బొమ్మలో రాదు. రేఖ గారి బొమ్మ చచ్చిపోతున్నది కొలత లేక కాదు, భయపడి గీతను ముక్కలు చేస్తున్నందువల్ల కావచ్చు.

మామునూరు_వెట్
చేర్యాల పటం అంటే నాకు ఎంతో గౌరవం. కాని ఆ పటంలో మనుషులు, చెట్లు, గుర్రాలు అన్నీ ఒకే పద్ధతిలో ఉంటాయి. ఇక్కడ రాణి ముఖం, కవచం వెలుగునీడలతో సహజంగా వేసి, గుర్రం కాళ్లు మాత్రం పటం పద్ధతిలో వేస్తే రెండూ కలవవు కదా?

చేర్యాల_రంగులు
ఆ మాట ఒప్పుకుంటాను. పద్ధతి ఏదైనా ఒకటే ఉండాలి. అయితే గీత గురించి నేను చెప్పింది సహజంగా వేసే బొమ్మకు కూడా వర్తిస్తుంది. కీళ్ల చుక్కలు పెట్టుకున్నాక వాటిని పొట్టి పొట్టి గీతలతో కలపకుండా, భుజం నుంచి చేయి కదిపి ఒకే ఊపులో కలపండి. ముందుగా సుద్దముక్కతో నేల మీద నిలువెత్తున గీస్తే చేతికి ఆ ఊపు అలవాటవుతుంది.

కోటగుమ్మం
ఖిలా వరంగల్ నుంచి ఒక చిన్న చేర్పు. రామప్ప గుడి బయటి గోడ చుట్టూ చెక్కిన ఏనుగుల బారును అందరూ చూసే ఉంటారు. వీలైతే అక్కడ కూర్చొని ఏనుగు వెనుక కాళ్లు గీసి, అదే వారం గుర్రం వెనుక కాళ్లు గీయండి. ఏనుగు ఎముకలు ఒకదాని మీద ఒకటి దాదాపు నిలువుగా నిలబడతాయి, దాని మోకాలు కాలి నడుమనే, మనకు ఉన్నట్లే ముందుకు వంగి కనిపిస్తుంది. గుర్రంలో తొడ ఎముక పొట్ట పక్కన ఇమిడిపోయి, మోకాలు డొక్క దగ్గరికి ఎక్కి, మడమ కాలి నడిమికి వచ్చింది. బరువు మోయడానికి పుట్టిన కాలు ఒకటి, పరుగెత్తడానికి పుట్టిన కాలు ఒకటి. రెండూ పక్కపక్కన పెట్టుకుంటే తేడా కళ్లకు కట్టినట్లు తెలుస్తుంది.

జగిత్యాల_పెన్సిల్
నా గడుల సలహాను సార్ కొట్టిపారేశారు, సరే. మరి కొలతలకు ఏది ఆధారం? గుర్రం తలను కొలబద్దగా పెట్టుకోవాలని ఎక్కడో విన్నాను.

డ్రాయింగ్_సార్_కరీంనగర్
సరిగ్గానే విన్నారు. మూపు దగ్గర ఎత్తు సుమారు రెండున్నర తలలు, భుజం మొన నుంచి పిరుదు మొన దాకా పొడవు కూడా సుమారు రెండున్నర తలలు. అంటే తల, మెడ తీసేస్తే గుర్రం దాదాపు చతురస్రంలో ఇముడుతుంది. ఆ చతురస్రంలో పై సగం కంటే కొంచెం తక్కువ ఛాతీ లోతు, మిగిలినది కాలు. జాతిని బట్టి, వయసును బట్టి కొంత మారుతుంది. పిల్ల గుర్రానికైతే ఒంటితో పోల్చినప్పుడు కాళ్లు చాలా పొడవు.

ఇంకొక ఆధారం తూకపు దారం. సరిగ్గా నిలబడ్డ గుర్రానికి పిరుదు మొన నుంచి దారం వదిలితే అది మడమ మొనను తాకి, కింది కాలి వెనుక అంచు వెంబడి దిగుతుంది. ముందు వైపు భుజపు బల్ల నడిమి నుంచి వదిలిన దారం కాలి మధ్యగా పోయి గిట్ట వెనుక నేలను తాకుతుంది. మేస్త్రీ గోడకు పట్టే దారమే సరిపోతుంది, ఫొటో మీద స్కేలు పెట్టి కూడా చూసుకోవచ్చు.

మామునూరు_వెట్
సార్ చెప్పినదానికి ఒక్క మాట కలుపుతాను. వెనుక కాలి మడమ మొన, ముందు కాలి మణికట్టు కంటే ఎత్తులో ఉంటుంది. రెండింటినీ ఒకే అడ్డగీత మీద పెట్టడం కొత్తగా గీసేవారిలో తరచుగా కనిపిస్తుంది. వెనుక కింది కాలు ముందుదాని కంటే పొడవు, అడ్డంగా కోసి చూస్తే మరింత గుండ్రం కూడా.

పరకాల_యానిమేటర్
ఇప్పటిదాకా అంతా నిలబడ్డ గుర్రం గురించే మాట్లాడారు. రాణి స్వారీ చేస్తున్నదంటే గుర్రం కదలాలి. కదిలే గుర్రానికి లెక్క ఉంది. నడకలో నాలుగు అడుగుల చప్పుళ్లు విడివిడిగా వినిపిస్తాయి, ఎడమ వెనుక, ఎడమ ముందు, కుడి వెనుక, కుడి ముందు. దుడుకు నడకలో, అంటే ట్రాట్‌లో, ఎదురెదురు మూలల కాళ్లు జతగా కదులుతాయి, చప్పుళ్లు రెండే. కాంటర్‌లో, అంటే నెమ్మది పరుగులో, మూడు చప్పుళ్లు. పూర్తి పరుగులో మళ్లీ నాలుగు, ఆ తర్వాత నాలుగు కాళ్లూ నేలను వదిలే ఒక క్షణం ఉంటుంది.

ఆ క్షణంలో కాళ్లు ముందుకూ వెనుకకూ చాపుకొని ఉండవు, పొట్ట కింద మడుచుకొని ఉంటాయి. ఇది మామూలు కంటికి అందదు. 1878లో అమెరికాలోని పాలో ఆల్టోలో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ వరుసగా నిలిపిన కెమెరాలతో పరుగెత్తే గుర్రాన్ని ఫొటోలు తీసేదాకా గొప్ప గొప్ప చిత్రకారులు కూడా నాలుగు కాళ్లూ చాపి గాలిలో తేలుతున్న గుర్రాలనే వేశారు. ఫ్రెంచి చిత్రకారుడు జెరికో 1821లో వేసిన ఎప్సం గుర్రప్పందెం చిత్రం అలాంటిదే. మైబ్రిడ్జ్ ఫొటోలు ఇప్పుడు ఎవరికైనా ఉచితంగా దొరుకుతాయి. ఒక్కో ఫొటోలో కీళ్ల చుక్కలు మాత్రమే పెట్టి, గీతలతో కలిపి వరుసగా చూడండి. కాలు గురించి అంతకంటే మంచి పాఠం నాకు దొరకలేదు.

ఎముకలకు, కండలకు అయితే ఆంగ్ల చిత్రకారుడు జార్జ్ స్టబ్స్ పలకలు చూడాలి. ఆయన హార్క్‌స్టో అనే పల్లెలో 18 నెలలపాటు గుర్రాల కళేబరాలను పొర తర్వాత పొరగా ఒలిచి చూసి, బొమ్మలు గీసి, రాగి పలకల మీద తానే చెక్కి 1766లో అచ్చు వేయించాడు. చర్మం తీసిన గుర్రం, పై కండలు తీసిన గుర్రం, చివరికి ఎముకల గూడు, అన్నీ ఒకే నిలువులో ఉంటాయి కాబట్టి ఒకదాని మీద ఒకటి పెట్టి చూసుకోవచ్చు.

చేర్యాల_రంగులు
జెరికో వేసిన గుర్రం అబద్ధమైనా అందులో వేగం ఉన్నది కదా. ఫొటోలో మడుచుకున్న కాళ్లను ఉన్నదున్నట్లు గోడకెక్కిస్తే, గుర్రం పరుగెత్తుతున్నట్లు కాక కూర్చోబోతున్నట్లు కనిపించే ప్రమాదం ఉంది.

పరకాల_యానిమేటర్
అందుకే నిశ్చల చిత్రానికి ఆ క్షణం వద్దంటాను. ఒక వెనుక కాలు నేలను తన్ని వదులుతూ, ఒక ముందు కాలు ముందుకు చాపుకొని వస్తున్న క్షణం ఎంచుకోండి. అది నిజం, అందులో వేగమూ ఉంటుంది. ఆ తన్నే కాలు మీద బరువు పడినప్పుడు గిట్ట పైన ఉండే ఫెట్‌లాక్ కీలు నేల వైపుకు బాగా కిందికి దిగుతుందని మరచిపోవద్దు. దాని వెనుక ఉన్న స్నాయువులు సాగి, తిరిగి ముడుచుకుంటూ కాలిని పైకి లేపుతాయి. ఆ దిగిన ఫెట్‌లాక్‌ను గీస్తే చాలు, గుర్రం బరువు నేలకు తగిలినట్లు కనిపిస్తుంది.

హన్మకొండ_రేఖ
అందరూ చెప్పినవి కాగితం మీద పెట్టి చూస్తున్నాను. కీళ్ల చుక్కలు, తూకపు దారం, ఒకే ఊపులో గీత, ఈ మూడింటితోనే కాలికి రూపం వస్తున్నది. గిట్ట దగ్గర మాత్రం ఇంకా తికమకగా ఉంది. నేను చూసిన బొమ్మల్లో కొందరు గిన్నె బోర్లించినట్లు, కొందరు ఆవు గిట్టలా చీల్చి వేశారు. దాని అసలు ఆకారం ఏమిటి?

కాజీపేట_సవారి
చీలిక ఆవుకు, ఎద్దుకు, మేకకు. గుర్రానిది ఒకే గిట్ట. లాడం కొట్టే అతను కాలు ఎత్తి తన తొడల మధ్య పెట్టుకొని గిట్ట చెక్కేటప్పుడు పక్కన నిలబడి చూస్తే దాని ఆకారం మొత్తం తెలుస్తుంది. బయటి గోడ గట్టిది, మనకు గోరు ఉన్నట్లు అందులో నొప్పి తెలియదు, మేకులు దిగేది అందులోకే. అడుగున మధ్యలో, వెనుక నుంచి ముందుకు మొన తిరిగి, ముక్కోణంలో రబ్బరులా మెత్తటి భాగం ఒకటి ఉంటుంది, దాన్ని ఫ్రాగ్ అంటారు. గిట్ట వెనుక రెండు గుండ్రటి మెత్తలు ఉంటాయి. కాలు ఎత్తిన గుర్రాన్ని వెనుక నుంచి గీస్తే ఈ మెత్తలు, ఫ్రాగ్ కనిపించాలి. అడుగు భాగాన్ని నున్నటి పలకలా గీసిన బొమ్మలు చాలా చూశాను, రోజూ ఆ గిట్టల్లో ఇరుక్కున్న రాళ్లు తీసేవాళ్లకు అది కంటికి ఆనదు.

పక్క నుంచి చూస్తే ముందు అంచు పొడవు, వెనుక అంచు పొట్టి. నేలను తాకే అంచు పైన వెంట్రుకలు మొదలయ్యే అంచు కంటే వెడల్పు. వెంట్రుకల గీత అడ్డంగా ఉండదు, ముందు నుంచి వెనక్కి వాలుతుంది. ఆ వాలు పెట్టకపోతే గిట్ట కాలికి తగిలించిన డబ్బాలా ఉంటుంది.

మామునూరు_వెట్
సవారి గారు చెప్పిన ముందు అంచుకు ఒక కోణం ఉంది. ముందు గిట్ట నేలతో సుమారు 45 నుంచి 50 డిగ్రీలు, వెనుక గిట్ట 50 నుంచి 55 డిగ్రీలు వాలి ఉంటుంది, గుర్రాన్ని బట్టి కొంత అటూ ఇటూ. ఫెట్‌లాక్ నుంచి గిట్ట దాకా ఉండే పొట్టి భాగం, గిట్ట ముందు అంచు ఒకే వాలులో ఉండాలి. ఆ గీత విరిగితే మేము కూడా ఆ గిట్టను సరిచేయాలంటాము. అడుగు నుంచి చూస్తే ముందు గిట్ట గుండ్రంగా, వెనుక గిట్ట ముందు కొస కొంచెం మొన తేలి ఉంటుంది. బరువు మోసేది ముందు గిట్ట, నేలను పట్టి తోసేది వెనుక గిట్ట.

గిట్ట గోడ నెలకు 6 నుంచి 10 మిల్లీమీటర్ల దాకా పెరుగుతుంది. అందుకే దాని మీద వెంట్రుకల గీతకు సమాంతరంగా సన్నటి వలయాలు కనిపిస్తుంటాయి. దగ్గరి నుంచి చూసే బొమ్మలో ఒకటి రెండు వలయాలు లేతగా వేస్తే గిట్టకు గట్టిదనం వస్తుంది. తెల్లటి పట్టీ ఉన్న కాలికి గిట్ట సాధారణంగా లేత రంగులో, నల్ల కాలికి ముదురు రంగులో ఉంటుంది.

కోటగుమ్మం
ఫొటోలు తీసుకొనేవారికి ఒక జాగ్రత్త. ఫోను మన కంటి ఎత్తులో పట్టుకొని దగ్గరి నుంచి తీస్తే గుర్రం ఒళ్లు పెద్దగా, కాళ్లు పొట్టిగా పడతాయి. గుర్రం మోచేతి ఎత్తుకు ఫోను దించి, దూరంగా జరిగి జూమ్ చేసి తీయండి. లేకపోతే సార్ చెప్పిన రెండున్నర తలల లెక్క ఫొటోతో ఎప్పటికీ కలవదు. అలాగే కాళ్లు గడ్డిలో, ఇసుకలో కూరుకొని ఉన్న ఫొటోలు నేర్చుకోవడానికి పనికిరావు, సిమెంటు నేల మీద తీసినవి తీసుకోండి.

జగిత్యాల_పెన్సిల్
ఈ జాగ్రత్తలన్నీ తీసుకొని గీసిన సొంత బొమ్మను గోడకు పెంచేటప్పుడైనా గడులు వాడవచ్చా?

డ్రాయింగ్_సార్_కరీంనగర్
తప్పకుండా వాడవచ్చు. పెంచడానికి గడులకు మించిన సాధనం లేదు. అర్థం చేసుకోవడానికి బదులుగా వాడినప్పుడే నాకు అభ్యంతరం.

హన్మకొండ_రేఖ
సిద్ధం చేసిన చిత్తు బొమ్మలో రాణి గుర్రం ముందు కాళ్లు రెండూ గాలిలోకి ఎత్తి, వెనుక కాళ్ల మీద నిలబడి ఉంది. బడివాళ్లు అదే కావాలంటున్నారు. గుర్రం వెనక్కి పడిపోతున్నట్లు ఉందని మా అక్క అంటున్నది. ఇందులో ఏమి సరిచేయాలి?

పరకాల_యానిమేటర్
బరువంతా వెనుక గిట్టల మీద నిలవాలి కాబట్టి ఆ గిట్టలను ఇంకా ముందుకు, పొట్ట కిందికి తీసుకురండి. వెనుక కాళ్లు నిటారుగా ఉండకూడదు, అసలు మోకాలు, మడమ రెండూ బాగా వంగి, తుంటి నేల వైపుకు దిగాలి. రాణి నడుము కూడా గుర్రం మెడ వైపుకు వాలాలి, లేకపోతే ఆమె బరువు గుర్రాన్ని వెనక్కి లాగుతుంది.

మామునూరు_వెట్
ముందు కాళ్లు రెండూ ఒకే కోణంలో మడవకండి. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ మడిస్తే సహజంగా ఉంటుంది. కాళ్లు మడిచినప్పుడు మణికట్టు వెనుక ఉండే చిన్న ఎముక మొనను మరచిపోవద్దు, నిలబడ్డప్పుడు కూడా ఆ మొన పక్క నుంచి కనిపిస్తుంది. తుంటి దిగినప్పుడు పిరుదు, తొడ కండలు గట్టిగా బిగుసుకుంటాయి. మీరు వేయాలనుకున్న నీడలన్నీ అక్కడ వేయండి, మడమ కింద ఒక్కటి కూడా వద్దు.

చేర్యాల_రంగులు
మెడ వంపు నుంచి వీపు మీదుగా మడమ దాకా ఒకే గీత వస్తున్నదో లేదో దూరంగా నిలబడి కళ్లు సగం మూసి చూడండి. ఆ గీత ఎక్కడ తెగితే అక్కడే గుర్రం పడిపోతున్నట్లు కనిపిస్తుంది.

హన్మకొండ_రేఖ
గిట్టలు ముందుకు జరపగానే తేడా తెలిసింది, మా అక్క కూడా ఒప్పుకున్నది. గోడ ఎక్కే ముందు నిజమైన గుర్రాన్ని దగ్గరి నుంచి చూసి కాళ్లు గీసుకోవాలని ఉంది. సవారి అన్నా, మీ గుర్రాలను చూడటానికి రావచ్చా? వాటికి ఇబ్బంది లేని సమయం ఏది?

కాజీపేట_సవారి
తప్పకుండా రావచ్చు చెల్లె. పెళ్లిళ్ల రోజుల్లో రావద్దు, రాత్రంతా బరాత్‌లో బ్యాండు చప్పుళ్ల మధ్య నడిచి వచ్చినవి పగలు అలసిపోయి ఉంటాయి. ఆషాఢంలో, మూఢాలలో పెళ్లిళ్లు ఉండవు కాబట్టి అప్పుడు తీరికగా కట్టేసి ఉంటాయి. పొద్దున దాణా తిన్న తర్వాత వస్తే కదలకుండా నిలబడతాయి. ఒక వెనుక కాలును సడలించి గిట్ట కొసను మాత్రమే నేలకు ఆనించి సేద తీరుతుంటాయి. అప్పుడు ఆ పక్క తుంటి కిందికి దిగి, రెండవ పక్క కండలు బిగుసుకొని కనిపిస్తాయి, మీరు గీసుకోవడానికి అదే మంచి అదను. వెనుక నుంచి మాత్రం దగ్గరికి రావద్దు, భుజం పక్కన, అది మిమ్మల్ని చూడగలిగే చోట కూర్చోండి. చెప్పులు కాకుండా బూట్లు వేసుకొని రండి. లాడాలు మార్చే రోజు ముందుగా తెలిస్తే ఇక్కడే రాస్తాను, గిట్ట అడుగు గీసుకోవాలనుకునే మిగతావారు కూడా ఆ రోజు రావచ్చు.